కిలోవాట్లు లెక్కపెట్టాను, నెలలు లెక్కపెట్టలేదు

కొండ ఊళ్లలో సొంత కరెంటు పథకాలు ఎందుకు ఆగిపోతాయని అడిగితే ఒకప్పుడు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది: యంత్రం పాడైంది, బాగుచేసేవాళ్లు లేరు. ఇరవై ఏళ్ల కిందట పాడేరు కొండల్లో ఒక గెడ్డ మీద నేను దగ్గరుండి కట్టించిన చిన్న జలవిద్యుత్ పథకం ఆగిపోయినప్పుడు కూడా రిపోర్టులో అదే రాశాను. అది పూర్తి నిజం కాదు. యంత్రం పాడవడం ఆఖరున జరిగింది. అంతకు చాలా ముందే దాన్ని దెబ్బతీసింది నేను. ప్రతి ఊరికీ తనదైన ఏడాది ఒకటి ఉంటుంది. గెడ్డలో నీళ్లు ఎప్పుడు పెరుగుతాయి, ఎప్పుడు తగ్గుతాయి, చేతిలోకి డబ్బు ఏ నెలలో వస్తుంది, ఏ నెలలో ఉండదు, కుర్రాళ్లు ఎప్పుడు ఊళ్లో ఉంటారు, ఎప్పుడు కూలికి కిందికి దిగుతారు, అన్నీ ఆ ఏడాదిలోనే ఉంటాయి. నేను దాన్ని చూడలేదు. ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగిసే మా ఆఫీసు ఏడాదిని తీసుకెళ్లి ఆ ఊరి మీద పెట్టాను.

ఇప్పుడు అది అల్లూరి సీతారామరాజు జిల్లా. అప్పట్లో విశాఖ ఏజెన్సీ. ఊరి పేరు రాయను. నలభై గడపలు, రోడ్డు లేదు, జబ్బు చేస్తే డోలీలో మోసుకురావాలి. నేను ఒక స్వచ్ఛంద సంస్థలో ఇంజనీరుని. ఆ పనిలోకి ఎంతో పట్టుదలతో వెళ్లాను, దానికి కారణం ఉంది. మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. తర్వాత సీలేరు నది మీద ఎగువ సీలేరు, డొంకరాయి, దిగువ సీలేరు వచ్చాయి. ఈ కొండల నీళ్లతో పుట్టిన కరెంటు పెద్ద పెద్ద టవర్ల మీద మైదానానికి వెళ్లిపోతుంటే, ఆ తీగల కింది ఊళ్లు కిరసనాయిలు బుడ్డీలతో బతికాయి. ఏ ఊరి గెడ్డతో ఆ ఊరికి వెలుగు రావాలని నేను మనస్ఫూర్తిగా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను. నమ్మకంలో తప్పు లేదు. తొందరలో ఉంది.

పథకం సంగతి క్లుప్తంగా చెబుతాను. గెడ్డకు అడ్డంగా చిన్న కట్ట కట్టి, కొంత నీటిని కాలువలోకి మళ్లిస్తాం. కాలువ చివర ఒక తొట్టె. అందులో ఇసుక అడుగుకి దిగుతుంది, ఆకులూ పుల్లలూ ఇనుప జల్లెడ దగ్గర ఆగుతాయి. అక్కడి నుంచి గొట్టంలో నీరు నిటారుగా కిందికి దిగి యంత్రాన్ని తిప్పుతుంది. ఎంత కరెంటు వస్తుందో తెలుసుకోడానికి మాకొక సులువైన లెక్క ఉంది: సెకనుకు ఎన్ని లీటర్లు, ఎన్ని మీటర్ల ఎత్తు నుంచి పడుతున్నాయో గుణించి, దాన్ని ఐదుతో గుణిస్తే దాదాపు అన్ని వాట్లు. మా ఎత్తు 30 మీటర్లు. నేను కొలిచిన రోజున గెడ్డలో కావలసినదానికంటే ఎక్కువే నీరుంది. జాగ్రత్త కోసం 20 లీటర్లకే రూపకల్పన చేశాను. అంటే 3 కిలోవాట్లు. నలభై ఇళ్లకు దీపాలకు బాగా సరిపోతుంది.

నేను కొలిచింది కార్తీకంలో. వానలు వెళ్లి ఎన్నాళ్లో కాలేదు, కొండ ఇంకా తడి వదల్లేదు. చెక్క పలకకు గాటు పెట్టి, నీటికి అడ్డంగా నిలబెట్టి, ఆ గాట్లోంచి ఎంత ఎత్తున నీరు పారుతోందో స్కేలుతో చూసి రాసుకుంటున్నాను. పక్కన బిందె నింపుకుంటున్న ఒక ముసలమ్మ కాసేపు చూసి, "చైత్రంలో ఈ గెడ్డ దాటితే మడమ కూడా తడవదు బాబూ" అంది. "సరేనమ్మా, చూస్తాం" అన్నాను. కొలతల పుస్తకం చేతిలోనే ఉంది. ఆ మాట అందులో రాసుకోలేదు.

వేసవిలో ఒకసారి వచ్చి కొలవాలని నాకు తెలియదా? తెలుసు. ఏడాదిలో నీరు అతి తక్కువగా ఉండే రోజుల్లో కొలవాలన్నది ఈ పనిలో అందరూ మొదట నేర్చుకునే పాఠం. కానీ మార్చి ముగిసేలోగా అంచనాలు పంపకపోతే మంజూరైన డబ్బు వెనక్కి పోతుందన్నారు. పంపాను. పనులు మొదలైంది మరుసటి ఏడాది వానలు తగ్గాక. మధ్యలో ఒక చైత్రం వచ్చి వెళ్లింది. ఆ చైత్రంలో నేను విశాఖలో, ఫ్యాను కింద కూర్చుని వినియోగ పత్రాలు నింపుతున్నాను. ఒక్క బస్సు ఎక్కి, ఒక్క పూట నడిచి ఉంటే చాలు. ఈ తప్పుకు నా దగ్గర సంజాయిషీ లేదు.

మాఘంలో దీపాలు వెలిగాయి. ఊరంతా ఆడారు, పాడారు. ఆ రాత్రి చూసిన సంతోషం అబద్ధం కాదు. ఫాల్గుణం సగం అయ్యేసరికి దీపాలు మసకబారాయి, చైత్రానికి ఆరిపోయాయి. గెడ్డలో 6 లీటర్లు కూడా లేవు. మామూలు టర్బైను అయితే నీరు తగ్గినప్పుడు ఎంతో కొంత తక్కువ కరెంటు ఇచ్చేది. ఖర్చు తగ్గుతుందని నేను పెట్టింది మామూలు నీళ్ల పంపు. దాన్ని తిరగేసి నడిపితే టర్బైనులా పనిచేస్తుంది, చవక, విడిభాగాలు ఏ బజారులోనైనా దొరుకుతాయి. ఎంపిక మంచిదే. అయితే నీటిని బట్టి సర్దుకునే రెక్కలు పంపుకి ఉండవు. తనకు తగ్గ నీరుంటేనే అది సరిగ్గా నడుస్తుంది. మూడో వంతు నీరిస్తే మూడో వంతు కరెంటు రాదు, తిరుగుతుంది గాని దాదాపు ఏమీ ఇవ్వదు. కార్తీకపు నీటిని నమ్మి, అది మాత్రమే తాగే యంత్రాన్ని కొన్నాను.

ఇది నీళ్ల లెక్కలో తప్పు. డబ్బు లెక్కలో ఇంతకంటే పెద్ద తప్పు చేశాను.

ఇంటికి నెలకు 30 రూపాయలు అని నిర్ణయించాం. నిర్ణయించాం అని ఊరి తరఫున కూడా చెబుతున్నాను గాని, నేను చెప్పాను, సమావేశంలో మగవాళ్లు తలూపారు. పట్నంలో కరెంటు బిల్లు నెలనెలా వస్తుంది కదా, ఇక్కడా అంతే అనుకున్నాను. ఆ ఊరికి డబ్బు నెలనెలా రాదు. కాఫీ పళ్లు కోసి అమ్మాక ఒకసారి వస్తుంది. పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి సంతకు మోసుకెళ్లాక ఒకసారి వస్తుంది. చింతపండు మీద కొంత వస్తుంది. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా చేతిలో పైసా ఆడదు. తిండిగింజలు కూడా అడుగంటే నెలలవి, సంతలో సావుకారి దగ్గర అప్పు తెచ్చుకునే నెలలవి. గెడ్డ నిండుగా పారేదీ, దీపాలు ధగధగలాడేదీ సరిగ్గా అప్పుడే. అంటే కరెంటు బాగా వచ్చే నెలల్లో కట్టడానికి డబ్బు లేదు, డబ్బు వచ్చే నెలలు దాటేసరికి కరెంటు లేదు.

కమిటీ పుస్తకంలో ప్రతి పేరు ఎదురుగా 'బాకీ' అని రాయించాను. బాకీ ఉన్నవాళ్లు సమావేశానికి రావడం మానేశారు. అప్పు ఉన్న ఇంటి ముందు నుంచి నడవడానికే మొహం చెల్లదనుకునే మనుషులు వాళ్లు. నేను మాత్రం మా సంస్థకు పంపిన కాగితంలో, 'గ్రామస్తులకు చెల్లించే అలవాటు లేదు' అని రాశాను. నా జీవితంలో వెనక్కి తీసుకోవాలనుకునే వాక్యాలు కొన్ని ఉన్నాయి. అందులో ఇది మొదటిది.

డబ్బు రాకపోతే యంత్రం నడిపే కుర్రాడికి జీతం లేదు. వాడికి నేనే శిక్షణ ఇచ్చాను. చురుకైనవాడు, ఒకసారి చెబితే పట్టేసేవాడు. ఒక్కడికి బాగా నేర్పితే చాలనుకున్నాను. చైత్రంలో యంత్రం ఎలాగూ ఆగింది, జీతం రాలేదు, తోటి కుర్రాళ్లతో కలిసి కూలికి మైదానానికి దిగాడు. ఏటా దిగేవాడే. వయసులో ఉన్న మగపిల్లలు వేసవిలో ఊళ్లో ఉండరని ఎవరిని అడిగినా చెప్పేవారు. నేను అడగలేదు. ఆ ఏడు వానలు పడ్డాక వాడు తిరిగి రాలేదు, అక్కడే పని దొరికింది.

గెడ్డ నిండింది. ఊరివాళ్లు కాలువ బాగుచేసుకుని నీళ్లు వదిలారు. యంత్రం తిరిగింది గాని దీపం వెలగలేదు. పాడేరు నుంచి ఒక మెకానిక్‌ను తీసుకొచ్చారు. అతనికి పంపు తెలుసు, మోటారు తెలుసు, మోటారునే జనరేటరుగా వాడటం తెలియదు. కాలిపోయిందని చెప్పి వెళ్లిపోయాడు. ఆ వానాకాలంలో సగం చీకట్లోనే గడిచింది. కబురు నాకు అందేసరికి ఆలస్యమైంది. నేను వెళ్లి చూస్తే ఏమీ కాలిపోలేదు. ఇలాంటి జనరేటరు కరెంటు పుట్టించడం మొదలుపెట్టాలంటే దాని ఇనుములో పాత అయస్కాంత శక్తి కొంచెం మిగిలి ఉండాలి. చాలాకాలం ఖాళీగా ఉంటే అది పోవచ్చు. మోటారు సైకిలు బ్యాటరీ ఒకటి తెప్పించి, యంత్రం ఆపి, రెండు తీగలు ఒక్క క్షణం చుట్టకు తాకించి తీసేశాను. గేటు వాల్వు తిప్పగానే బల్బు వెలిగింది.

నాకు గర్వంగా అనిపించింది. చుట్టూ చూస్తే ఎవరి మొహంలోనూ సంతోషం లేదు. ఒక పెద్దాయన బ్యాటరీ వైపు చూసి, "ఇంతేనా బాబూ?" అన్నాడు.

అంతే. అది తెలియక నలభై ఇళ్లు నెలల తరబడి చీకట్లో ఉన్నాయి. తెలిసినవాడు ఒక్కడే, వాడు ఊళ్లో లేడు. ఊరిదే పథకం, ఊరిదే యాజమాన్యం అని నేను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాను. బాగుచేసుకోవడం తెలియని వస్తువుకు యజమానులని పేరు పెట్టి, వాళ్ల మీద బరువు మాత్రం పెట్టాను.

ఆ సాయంత్రమే మరొకటి కంటపడింది. గెడ్డ నిండుగా ఉంటే యంత్రం పగలంతా కూడా నడుస్తుంది. పగలు దీపాలుండవు కాబట్టి, మిగిలిన కరెంటునంతా కంట్రోలరు ఒక నీళ్ల తొట్టెలోని హీటరుకు పంపి వృథా చేస్తుంది, లేకపోతే యంత్రం అదుపు తప్పుతుంది. ఆ తొట్టెలో నీళ్లు పొగలు కక్కుతున్నాయి. పది అడుగుల అవతల ఇంట్లో తిరగలి చప్పుడు. చోళ్లు విసురుతోంది ఒక ఇల్లాలు, పొలం నుంచి వచ్చి, రాత్రి అంబలి కోసం. అంత శక్తిని నీళ్లు మరగబెట్టడానికి వదిలేసి, ఆ మనిషి చేత రాయి తిప్పిస్తున్నాను. నన్ను ఎవరూ నిలదీయలేదు, తిరగలి కూడా కరెంటుతో తిరగొచ్చని వాళ్లకు నేను చెబితే కదా.

నేపాల్ కొండల్లో ఈ పని ఏ వరసలో జరిగిందో నేను చదివే ఉన్నాను. అక్కడ ఏరు తిప్పే విసుర్రాళ్లు అనాదిగా ఉన్నాయి. ఆధునిక టర్బైన్లు మొదట పిండి మరలకీ వడ్లు దంచడానికీ నూనె గానుగలకీ వచ్చాయి. 1985 నుంచి వ్యవసాయాభివృద్ధి బ్యాంకు ద్వారా సబ్సిడీ ఇచ్చి, అదే టర్బైనుకు జనరేటరు తగిలించుకోమన్నారు. పగలు మర ఆడితే దాని సంపాదన రాత్రి దీపాన్ని నిలబెడుతుంది. ముందు పని, తర్వాత వెలుగు. నేను మొత్తం దీపాల మీదే కట్టాను. ప్రారంభోత్సవం ఫొటోలో దీపం కనబడుతుంది, పిండి కనబడదు.

ఆ తర్వాత చేసింది ఏమిటంటే, ఊరందరితో కలిసి కూర్చోవడం. ఈసారి ఆడవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. చింతచెట్టు కింద నేల మీద ముగ్గుతో పన్నెండు గళ్లు గీశాం, గడికో నెల. గెడ్డలో నీటికి గులకరాళ్లు, ఇంట్లో డబ్బుకు చింతపిక్కలు, ఊళ్లో ఉండే మగపిల్లలకు పుల్లలు, విసరడానికి ఉన్న చోళ్లకు చోళ్లే. ఇది కొత్త పద్ధతి కాదు. గ్రామాభివృద్ధి పనిచేసేవాళ్లందరికీ శిక్షణలో నేర్పేదే. మొదటి రిపోర్టు వెనక ఇలాంటి పట్టిక ఒకటి నేనూ జతచేశాను, ఆఫీసులో కూర్చుని నింపి.

గళ్లు నిండుతుంటే ఎవరూ ఉపన్యాసం ఇవ్వాల్సిన అవసరం లేకపోయింది. చైత్ర వైశాఖాల్లో రాళ్లు రెండు మూడు, పుల్లలు అసలు లేవు. శ్రావణంలో రాళ్ల కుప్ప, చింతపిక్క ఒక్కటీ లేదు. మార్గశిర పుష్యాల్లో చోళ్లూ ఉన్నాయి, నీళ్లూ ఉన్నాయి, కాఫీ డబ్బూ ఉంది. ఒకామె లేచి, "పైసలు ఇక్కడ అడగండి, ఇక్కడ అడక్కండి" అని పుష్యం గడినీ శ్రావణం గడినీ వేలితో చూపించింది. రేటు అక్కడే తేలిపోయింది. కాఫీ అమ్మాక ఒకసారి, పసుపు అమ్మాక ఒకసారి, అంతే. ఏడాది మొత్తం లెక్క నేను పెట్టినదానికి తక్కువేమీ కాలేదు. బాకీ అన్న మాట పుస్తకంలోంచి పోయింది.

మిగతా మార్పులు కొన్ని వెంటనే జరిగాయి, కొన్నిటికి చాలాకాలం పట్టింది. పంపు ఇరుసుకు కప్పీ వేసి, బెల్టుతో పిండి మర నడిపాం. ఇంత చిన్న జనరేటరు మీద మర మోటారు పైకి లేవడం కష్టం, బెల్టు అయితే ఆ ఇబ్బంది లేదు. మర కూలి డబ్బుగా ఇవ్వలేనివాళ్లు పిండిలో కొంత ఇచ్చేవారు. యంత్రం నడపడం నలుగురికి నేర్పాం. అందులో ఇద్దరు ఆడవాళ్లు, వలస వెళ్లనివాళ్లు. బ్యాటరీ తాకించడం ఊళ్లో పిల్లలకు కూడా తెలిసేలా చేశాం. పెద్ద పంపు పక్కన వేసవి నీటికి తగ్గ చిన్న పంపు పెట్టడానికి మాత్రం ఏళ్లు పట్టింది, దానికి మా దగ్గర డబ్బు లేదు. ఈలోగా ఎల్‌ఈడీ బల్బులు చవకయ్యాయి. 6 లీటర్ల నీటితో వచ్చే కొద్ది వాట్లు ఇంటికి రెండు బల్బులకు చాలాయి.

తర్వాత ప్రభుత్వ కరెంటు వచ్చింది. 2017లో మొదలైన సౌభాగ్య పథకం తర్వాత కొండల మీదికి స్తంభాలు చాలానే ఎక్కాయి. ఇక మన యంత్రం పాత ఇనుము కింద లెక్కే అనుకున్నాను. ఇది కూడా నా తప్పే. మళ్లీ నేను నెలలు చూడలేదు, ఊరివాళ్లు చూశారు. వానాకాలంలో చెట్లు విరిగి తీగల మీద పడతాయి, లైను వారాల తరబడి ఉండదు. గెడ్డ నిండుగా ఉండేది అప్పుడే. వేసవిలో గెడ్డ ఎండుతుంది, లైను నిలకడగా ఉంటుంది. ఒకటి లేనప్పుడు రెండోది ఉంటుంది. యంత్రాన్ని వాళ్లు వానల కోసం, మర కోసం అట్టేపెట్టుకున్నారు. మేము చేసింది మార్పిడి స్విచ్చి ఒకటి బిగించడం మాత్రమే. అది లేకపోతే ఊరి కరెంటు లైనులోకి ఎక్కి, స్తంభం మీద పనిచేసే మనిషి ప్రాణం తీస్తుంది.

శ్రీలంక కొండ ఊళ్లలో కట్టిన చిన్న జలవిద్యుత్ కేంద్రాలు, గ్రిడ్ రావడంతో అనేకం మూతపడ్డాయి. కొన్ని మాత్రం తమ కరెంటును గ్రిడ్‌కే అమ్మే దారి వెతుక్కున్నాయి. నేపాల్‌లో నువాకోట్ జిల్లా శ్యావురేభూమిలోని 23 కిలోవాట్ల కేంద్రం 2018లో అలా గ్రిడ్‌తో కలిసింది. గ్రిడ్ వచ్చినా ఊరి కరెంటు అక్కర తీరిపోనక్కర్లేదు. ఏ నెలలో దేని అవసరం ఉందో తెలిసిన ఊరు రెండిటినీ వాడుకుంటుంది.

ఇప్పుడు కొండల మీదికి సౌర విద్యుత్ వస్తోంది. 2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో, బాగా వెనకబడిన ఆదివాసీ తెగల ఇళ్లకు సోలార్ దీపాలు కూడా ఉన్నాయి. చాలా మంచి పని. ఆ పని మీద కొత్తగా వెళ్లే కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు. పలక ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని ఆంపియర్-అవర్లు అని అడుగుతారు. అవి మీకు నాకంటే బాగా తెలుసు, వేరే ప్రశ్నలు వేసుకోండి అంటాను. మన్యంలో ఆషాఢ శ్రావణాల్లో ఎన్నాళ్లు వరసగా ఎండ రాదు? అన్నాళ్లకు సరిపడా బ్యాటరీ పెట్టారా? ఆ బ్యాటరీ కొన్నేళ్లకు పోతుంది, కొత్తదాని డబ్బు ఏ పంట మీద, ఏ నెలలో పక్కన పెడతారు? పాడైతే బాగుచేసే మనిషి ఆ నెలలో ఊళ్లో ఉంటాడా? తిలోనియాలోని బేర్‌ఫుట్ కాలేజీ చదువురాని అమ్మమ్మలకు సోలార్ పని నేర్పింది కేవలం ఆదర్శం కోసం కాదు. నేర్చుకున్న అమ్మమ్మ ఊరు వదిలి వెళ్లదు. ఆ ఆలోచన నాకు ఎంతో ఆలస్యంగా అర్థమైంది.

ఇవన్నీ తెలుసుకోవడానికి ఏడాది పడుతుంది. ఏడాది ఆగితే నిధులు ఆగవని అంటారు, నాకూ అన్నారు. ఇంజనీరు నోరు విప్పాల్సింది అక్కడే. కొలత పూర్తికాకుండా అంచనా మీద సంతకం పెట్టనని చెప్పాలి. వేసవి కొలతకూ వానాకాలపు కొలతకూ కలిపి ఏడాది గడువు అంచనాలోనే రాయించాలి. చెప్పి ఉంటే నా మాట వినేవారో లేదో తెలియదు, నేను చెప్పలేదు. గెడ్డ గురించి తెలియకపోవడం నా అసలు తప్పు కాదు, అది చెప్పడానికి ఊళ్లో మనిషి ఉంది, చెప్పింది కూడా. తెలిసీ మార్చి నెలకు తలవంచడమే నా తప్పు. మీ మీద కూడా ఆ మార్చి వచ్చి కూర్చుంటుంది. అప్పుడు మీరు ఆఫీసుతో గొడవపడండి. ఆ గొడవ మీకు ఒక్కరోజు కష్టం, పడకపోతే ఊరికి ఏళ్ల తరబడి చీకటి.